కుక్కకు గజ్జి: మందు కంటే ముందు మూలం

నందికొండ నుంచి ఒక ప్రశ్న

నందికొండ పేరు వినగానే పోటీ పరీక్షల అభ్యర్థికి 1955 డిసెంబర్ 10, నెహ్రూ శంకుస్థాపన గుర్తొస్తాయి. నాగార్జునసాగర్‌కు అది పాత పేరు. ఈసారి ఆ ఊరినే ఒక పశువైద్య పాఠానికి వాడుకుందాం. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఇళ్లలో పెంపుడు కుక్కలు, చుట్టుపక్కల పల్లెల్లో గొర్ల మందల వెంట తిరిగే కుక్కలు. ఒక పక్క జలాశయం, ఎడమ కాలువ. మరో పక్క నల్లగొండ ఎండ. వానకాలం మొదలయ్యాక ఆ ఎండ మీద తేమ కూడా తోడవుతుంది. కుక్క చర్మం చెడిపోవడానికి ఇంతకంటే అనువైన వాతావరణం అక్కర్లేదు.

వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పరీక్షలో ఈ పాఠం నుంచి కేసు రూపంలో ప్రశ్న అడగవచ్చు. గ్రూప్స్ జనరల్ సైన్స్‌లోనైతే జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల కింద వస్తుంది. కాబట్టి కేసుతోనే మొదలుపెడదాం. ఇది ఊహించుకున్నదే. హిల్ కాలనీలో ఒక ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉంది. ఆగస్టులో పొట్ట కింద ఎర్రటి పొక్కులు, చీము గుల్లలు లేచాయి. అవి పగిలిన చోట గుండ్రంగా పొలుసుల వలయాలు మిగిలాయి. నడుము వెనక, తోక మొదట్లో వెంట్రుకలు ఊడాయి. రాత్రంతా గోకుడే. మందుల షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ ఐదు రోజులు వేస్తే తగ్గింది. దసరా నాటికి మళ్లీ వచ్చింది. ఎందుకు?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాయగలిగితే పాఠంలో సగం వచ్చినట్టే. చీము పుట్టించిన బాక్టీరియా చచ్చింది, దానికి దారి ఇచ్చిన కారణం మాత్రం ఒంటి మీదే ఉండిపోయింది. కుక్కల్లో చర్మానికి వచ్చే బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ దాదాపు ఎప్పుడూ రెండో జబ్బే. మొదటి జబ్బు వేరే ఉంటుంది.

కుక్క చర్మం ఎందుకు తొందరగా లొంగుతుంది

మనిషి చర్మం పై పొరలో 10 నుంచి 15 వరుసల కణాలుంటే కుక్కకు వెంట్రుకలు దట్టంగా ఉన్న చోట 3 నుంచి 5 వరుసలే. మనిషి చర్మం కాస్త ఆమ్లగుణం కలిగి ఉంటుంది, కుక్కది తటస్థానికి దగ్గర. అందుకే మనం వాడే సబ్బు, షాంపూ దానికి పడవు. ఒక్కో రంధ్రం నుంచి ఒకటి కాదు, అనేక వెంట్రుకలు వస్తాయి. కాలువలో ఈదులాడి వచ్చిన కుక్కను తుడవకుండా వదిలేస్తే లోపలి బొచ్చు గంటల తరబడి తడిగానే ఉండిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న కుక్క మీద కూడా స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బాక్టీరియా కాపురముంటుంది. చర్మం గట్టిగా ఉన్నంతకాలం అది కుక్క జోలికి రాదు. ఈ జాతికి ఆ పేరు 2005లో పెట్టారు. అంతకుముందు పుస్తకాల్లో స్టెఫైలోకాకస్ ఇంటర్మీడియస్ అని ఉండేది. పాత గైడ్లు చదివేవారు తడబడేది ఇక్కడే. కుక్కల పయోడెర్మాకు, అంటే చర్మపు బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌కు, ప్రధాన కారకం ఏదని అడిగితే ఆప్షన్లలో ఆరియస్ తప్పకుండా ఉంటుంది, అది మనుషుల్లో ప్రధానమైనది.

మొదటి జబ్బు ఎక్కడుంటుంది

ఒంటి మీది పురుగులు, ఎలర్జీ, హార్మోన్ల లోపం, తేమ. ఈ నాలుగు చోట్ల వెతికితే చాలా కేసుల్లో మూలం దొరుకుతుంది. థైరాయిడ్ తగ్గిన కుక్కకు, కుషింగ్స్ జబ్బున్న కుక్కకు గోకుడు పెద్దగా లేకుండానే రెండు పక్కలా సమానంగా వెంట్రుకలు రాలతాయి. ఇవి నడివయసు దాటిన కుక్కల్లో ఎక్కువ. అటోపీ, అంటే గాలిలోని దుమ్ము, పుప్పొడి వంటివాటికి పుట్టే ఎలర్జీ, సాధారణంగా మూడేళ్లలోపే మొదలవుతుంది. పాదాలు నాకుతూ ఉండడం, చెవులు మాటిమాటికీ చెడడం దాని గుర్తులు.

మన లాబ్రడార్‌కు నడుము వెనక, తోక మొదట్లో వెంట్రుకలు ఊడాయి. ఆ చోటు చూడగానే ఫ్లీలను అనుమానించాలి. ఫ్లీ అంటే రెక్కల్లేని, గెంతే చిన్న రక్తపు పురుగు. దాని ఉమ్మికి ఎలర్జీ ఉన్న కుక్కకు కొద్దిపాటి కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. పురుగు కంటికి కనిపించకపోవచ్చు. దువ్వెనతో దువ్వినప్పుడు రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రబారితే అది ఫ్లీ మలం, అంటే జీర్ణమైన రక్తం. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఇంటి మొత్తంలోని ఫ్లీలలో కుక్క ఒంటి మీద ఉండేవి దాదాపు 5 శాతమే. మిగతావి గుడ్లు, లార్వాలు, ప్యూపాలుగా పడక మీద, గోడ అంచుల్లో, నేల పగుళ్లలో ఉంటాయి. అందుకే కుక్కకు మాత్రమే మందు వేసి ఊరుకుంటే జబ్బు తిరిగొస్తుంది.

పిడుదులు, అంటే రైపిసెఫాలస్ సాంగ్వినియస్ జాతి గోధుమరంగు టిక్కులు, చర్మాన్ని పాడుచేయడం కంటే రక్తంలోకి ఎర్లికియాను ఎక్కించడం వల్ల ఎక్కువ ప్రమాదకరం. ఆ పాఠం వేరు.

లోతును బట్టి మూడు రకాలు

పయోడెర్మాను చర్మంలో ఎంత లోతుకు దిగిందన్నదాన్ని బట్టి విభజిస్తారు. ఉపరితలానికే పరిమితమైనది మొదటి రకం. రాత్రికి రాత్రి తడితడిగా, ఎర్రగా లేచే హాట్ స్పాట్ ఈ కోవలోదే. పగ్ లాంటి జాతుల ముఖం ముడతల్లో వచ్చే ఇన్‌ఫెక్షన్‌కూ స్థానం ఇక్కడే. వెంట్రుకల కుదుళ్ల దాకా వెళ్లి పొక్కులు, చీము గుల్లలు, పొలుసుల వలయాలు లేపేది రెండో రకం, సూపర్‌ఫిషియల్ పయోడెర్మా. మన కేసు ఇదే. కుదురు పగిలి చీము లోపలి పొరల్లోకి చిమ్మితే మూడోది, డీప్ పయోడెర్మా. రక్తం కలిసిన చీము, రంధ్రాలు, నొప్పి ఉంటాయి. జర్మన్ షెపర్డ్‌లలో ఇది తీవ్రంగా వస్తుంది.

ఆ పొలుసుల వలయాన్ని ఎపిడెర్మల్ కాలరెట్ అంటారు. గుండ్రంగా ఉంది కదా అని దాన్ని తామర అనుకుని ఫంగస్ మందు రాసేవాళ్లు చాలామంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారికీ ఈ సంగతి తెలుసు.

రెండు గజ్జులు, రెండు స్వభావాలు

వీధిలో బొచ్చు ఊడి, చర్మం మందమై తిరిగే కుక్కను చూసి అందరూ గజ్జి కుక్క అనే అంటారు. దాని మీద ఉన్న మైట్, అంటే గజ్జి పుట్టించే సూక్ష్మమైన పురుగు, ఏదన్నదాన్ని బట్టి కథ పూర్తిగా మారుతుంది.

సార్కోప్టెస్ స్కేబియై చర్మం పై పొరలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా రెండు నుంచి మూడు వారాలు. చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ల మడమలు, పొట్ట దాని స్థావరాలు. గోకుడు భరించలేనంతగా ఉంటుంది. ఒక కుక్క నుంచి మరో కుక్కకు సులువుగా అంటుకుంటుంది, మనుషులకూ అంటుకుంటుంది. చెవి అంచును వేళ్ల మధ్య రుద్దితే ఆ పక్క వెనక కాలు గోకుతున్నట్టు ఆడుతుంది. దీన్ని పిన్నల్-పెడల్ రిఫ్లెక్స్ అంటారు. మైట్ వల్లే జబ్బు వస్తుందని 1687లోనే ఇటలీలో బొనోమో, చెస్టోని మనుషుల గజ్జి విషయంలో చూపారు. సూక్ష్మజీవి వల్ల జబ్బు వస్తుందన్న ఆలోచనకు అది తొలి మెట్లలో ఒకటి.

డెమోడెక్స్ కేనిస్ తీరు ఇందుకు విరుద్ధం. పుట్టిన తొలి రోజుల్లో తల్లి పాలు తాగుతున్నప్పుడు పిల్లకు చేరి, వెంట్రుకల కుదుళ్లలో జీవితాంతం ఉండిపోతుంది. ఆరోగ్యమైన కుక్కలో రోగనిరోధక శక్తి దాన్ని అదుపులో ఉంచుతుంది. ఆ శక్తి తగ్గినప్పుడే పెచ్చరిల్లుతుంది. కళ్ల చుట్టూ, మూతి దగ్గర, ముందరి కాళ్ల మీద వెంట్రుకలు రాలతాయి. బాక్టీరియా తోడైతే తప్ప గోకుడు తక్కువ. మరో పెద్ద కుక్కకు గాని, మనిషికి గాని అంటదు. కుక్కపిల్లల్లో నాలుగు మచ్చలకు మించకుండా ఉంటే చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. ఒంటినిండా వ్యాపించిన రకానికి వంశపారంపర్య గుణం ఉంది కాబట్టి అలాంటి కుక్కను సంతానానికి వాడకూడదు.

ఫంగస్ సంగతి

తామరకు కుక్కల్లో ప్రధాన కారకం మైక్రోస్పోరమ్ కేనిస్. పేరు కుక్కది, అసలు నిలయం పిల్లి. వుడ్స్ ల్యాంప్ వెలుగులో వెంట్రుక ఆపిల్ ఆకుపచ్చగా మెరవాలి. ఆ దీపాన్ని 1903లో కనిపెట్టినవాడు రాబర్ట్ విలియమ్స్ వుడ్. అయితే కుక్కల్లో ఆ మెరుపు ఈ ఒక్క జాతిలోనే వస్తుంది, అదీ అన్ని రకాల్లోనూ కాదు. మట్టి నుంచి వచ్చే జిప్సియమ్, ఎలుకల నుంచి వచ్చే ట్రైకోఫైటాన్ మెరవవు. దీపం కింద మెరవలేదంటే తామర లేదని రాస్తే మార్కు పోయినట్టే. కల్చర్‌కు వాడే డీటీఎం మాధ్యమం పసుపు నుంచి ఎరుపుకు మారుతుంది, తెల్లటి దూదిలాంటి పెరుగుదల కూడా దానితోపాటే కనిపించాలి.

మలసీజియా పాకిడెర్మాటిస్ ఈస్ట్. జిడ్డు, ముక్క వాసన, నల్లబారి మందమైన చర్మం, చెవుల్లో గోధుమరంగు గులిమి. సూక్ష్మదర్శిని కింద పల్లికాయ ఆకారంలో ఉంటుంది కాబట్టి పల్లీలు పండే పాలమూరు పిల్లలెవరూ దీన్ని మరిచిపోరు.

చేయాల్సిన పరీక్షలు

చర్మం మీద పారదర్శక టేప్ అంటించి తీసి, రంగు వేసి చూడడం సైటాలజీ. బాక్టీరియానా, ఈస్టా, రెండూనా అన్నది కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. మైట్ల కోసం బ్లేడుతో గీకి చూడాలి. డెమోడెక్స్ లోతుగా ఉంటుంది కాబట్టి చర్మాన్ని నొక్కి, సన్నగా రక్తం కనిపించేదాకా గీకాలి. అక్కడ అది దాదాపు తప్పక దొరుకుతుంది. సార్కోప్టెస్ కోసం చెవి అంచు, మోచేయి వంటి చాలా చోట్ల వెడల్పుగా గీకినా సగం కేసుల్లో కూడా దొరక్కపోవచ్చు. అందుకే స్క్రేపింగ్‌లో ఏమీ రాకపోయినా లక్షణాలు సరిపోతే సార్కోప్టెస్‌కు చికిత్స చేసి చూడడం తప్పు కాదు. డెమోడెక్స్ విషయంలో ఆ వెసులుబాటు లేదు.

డీప్ పయోడెర్మా అయినా, మందుకు లొంగకపోయినా, ఇంతకుముందు పలుమార్లు యాంటీబయాటిక్ వాడి ఉన్నా కల్చర్, సెన్సిటివిటీ చేయించాలి. మెక్‌-ఏ జన్యువు ఉండి మెథిసిలిన్‌కు లొంగని సూడింటర్మీడియస్, అంటే ఎంఆర్‌ఎస్‌పీ రకానికి పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు పనిచేయవు. ఐదు రోజుల కోర్సులు పదే పదే వాడిన చోట అలాంటి రకాలు నిలదొక్కుకుంటాయి.

చికిత్స: షాంపూ ముందు, మాత్ర తర్వాత

పదేళ్ల కిందటి పుస్తకం తెరిస్తే సూపర్‌ఫిషియల్ పయోడెర్మాకు మూడు, నాలుగు వారాల సెఫలెక్సిన్ అని ఉంటుంది. 2025లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆ వరసను మార్చాయి. ఉపరితల, సూపర్‌ఫిషియల్ రకాలకు మొదట పైపూత చికిత్స ఒక్కటే చాలు, లొంగకపోతేనే మాత్ర. మాత్ర ఇవ్వాల్సి వస్తే సూపర్‌ఫిషియల్ రకానికి రెండు వారాలకు, డీప్ రకానికి మూడు వారాలకు రాసిచ్చి, కుక్కను మళ్లీ చూశాకే ఆపాలా, పొడిగించాలా అన్నది తేల్చాలి. ఈ మార్పుకు కారణం యాంటీబయాటిక్ నిరోధకతే.

పైపూతలో ముఖ్యమైనది 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్. వారానికి రెండు మూడు సార్లు, నురుగు ఒంటి మీద 10 నిమిషాలు ఉండాలి. ఈ 10 నిమిషాల దగ్గరే ఇంటి వైద్యం దెబ్బతింటుంది. కుక్క ఊరుకోదు, మనకు ఓపిక ఉండదు, రెండు నిమిషాలకే నీళ్లు పోసేస్తాం. తర్వాత మందు పనిచేయలేదంటాం. ఈస్ట్ కూడా ఉంటే 2 శాతం మైకొనజోల్ కలిసినది వాడతారు. హాట్ స్పాట్‌కైతే ముందు చుట్టూ బొచ్చు కత్తిరించి గాలి తగలనివ్వాలి.

మన లాబ్రడార్‌కు ఇలా షాంపూతో పాటు ఫ్లీల మందు నెల నెలా ఆపకుండా వేయాలి. ఇంట్లో ఇంకో కుక్క, పిల్లి ఉంటే వాటికీ వేయాలి. పిల్లికి కుక్కల పెర్మెత్రిన్ మందు వేయకూడదు, అది దానికి ప్రాణాంతకం. పడక గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి, నేల మూలమూలా ఊడవాలి. దసరాకు తిరగబెట్టడానికి కారణం ఇవేవీ చేయకపోవడమే.

మైట్లకు ఇప్పుడు ముందువరసలో ఉన్నవి ఐసాక్సజోలిన్లు: ఫ్లురలానర్, అఫోక్సలానర్, సరోలానర్, లోటిలానర్. ఫ్లీలు, పిడుదులు, రెండు రకాల మైట్లు అన్నిటి మీదా పనిచేస్తాయి. ఫ్లురలానర్ మాత్ర ప్రభావం దాదాపు 12 వారాలు, మిగతావి నెల. మూర్ఛలు వచ్చే కుక్కకు వీటిని జాగ్రత్తగా వాడాలి. ధర ఎక్కువే, కానీ పలుమార్లు ఇంజెక్షన్లు, డిప్పులు, వాటి కోసం పట్నం ప్రయాణాలు లెక్కేస్తే తేడా అంత ఉండదని నా అభిప్రాయం. డెమోడెక్స్ చికిత్సను వెంట్రుకలు రాగానే ఆపకూడదు. నెల తేడాతో రెండుసార్లు స్క్రేపింగ్ శుభ్రంగా రావాలి.

స్టిరాయిడ్ గోకుడును వెంటనే తగ్గిస్తుంది, అదే దాని ప్రమాదం. డెమోడెక్స్, తామర ఉన్నప్పుడు ప్రెడ్నిసొలోన్ వేస్తే రోగనిరోధక శక్తి తగ్గి జబ్బు ఒళ్లంతా పాకుతుంది. స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన మనుషుల క్రీములు ఇంకా చెడ్డవి. కుక్క వాటిని నాకేస్తుంది కూడా.

ఐవర్‌మెక్టిన్: ఒక చుక్క లెక్క

జపాన్‌లోని షిజువోకా ప్రాంతపు మట్టిలో సతోషి ఒమురా సేకరించిన స్ట్రెప్టోమైసిస్ నుంచి, విలియం క్యాంప్‌బెల్ పరిశోధనతో ఐవర్‌మెక్టిన్ పుట్టింది. 1981లో పశువైద్యంలోకి వచ్చింది. 2015లో ఆ ఇద్దరికీ వైద్యంలో నోబెల్ దక్కింది, మలేరియా మందు కనుగొన్న తు యూయూతో కలిసి.

గొర్లున్న ఇంట్లో ఐవర్‌మెక్టిన్ సీసా ఉండడం వింత కాదు. దాన్నే కుక్కకు పొడిచేయాలన్న ఆలోచన రావడమూ వింత కాదు. లెక్క చూడండి. 1 శాతం ఇంజెక్షన్ అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. సార్కోప్టెస్‌కు పుస్తకాల్లో ఉండే మోతాదు కిలోకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు. 15 కిలోల కుక్కకు 0.2 చొప్పున 3 మిల్లీగ్రాములు, అంటే 0.3 మిల్లీలీటరు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగి 3 మిల్లీలీటర్లు పడితే పది రెట్ల మోతాదు.

మోతాదు సరిగ్గా ఉన్నా అన్ని కుక్కలకూ ఈ మందు పడదు. ఇది పురుగుల నరాల్లో గ్లుటమేట్‌తో తెరుచుకునే క్లోరైడ్ ద్వారాలను తెరిచి వాటిని చచ్చుబరుస్తుంది. క్షీరదాల మెదడులోకి చేరకుండా పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు దాన్ని బయటకు నెట్టేస్తుంది. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతుల్లో చాలా కుక్కలకు ఎండీఆర్‌1 జన్యులోపం వల్ల ఆ పంపు సరిగ్గా ఉండదు. అప్పుడు కనుపాపలు పెద్దవై, తూలుతూ, చొంగ కారుస్తూ కోమాలోకి వెళతాయి. దీనికి నేరుగా విరుగుడు లేదు. గుండెపురుగు ఉన్న కుక్కకు, చిన్న కుక్కపిల్లలకు కూడా ప్రమాదమే. కాబట్టి లెక్క నేర్చుకోవడం పరీక్ష కోసం, సూది పట్టుకోవాల్సింది డాక్టర్.

వేపనూనె, కిరసనాయిలు, ఇంజన్ ఆయిల్

వేపనూనె పురుగులను కొంత తరిమినా డెమోడెక్స్ ఉన్న లోతుకు పనిచేయదు. గంధకం గురించి పెద్దలు చెప్పింది నిజమే, లైమ్ సల్ఫర్ డిప్ ఇప్పటికీ తామరకు, సార్కోప్టెస్‌కు ఆమోదిత చికిత్స. అయితే అది కొలిచి కలిపిన ద్రావణం. కిరసనాయిలు, వాడేసిన ఇంజన్ ఆయిల్ మాత్రం విషాలు. చర్మాన్ని కాలుస్తాయి, నాకినప్పుడు కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. నూనె కింద మైట్ చచ్చిన రోజునే కుక్కా చావొచ్చు.

ఇంట్లో మనుషుల మాట

కుక్క సార్కోప్టెస్ మనిషి చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు లేపుతుంది. మన చర్మంలో తన జీవితచక్రాన్ని పూర్తిచేయలేదు కాబట్టి కుక్కకు నయమైతే మనకూ తగ్గుతుంది. మనుషుల మధ్య వ్యాపించే గజ్జి అదే జాతిలోని వేరే రకం. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. తామర మాత్రం పిల్లలకు సులువుగా అంటుతుంది, విడిగా చికిత్స కావాలి. ఇలా జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధులనే జూనోసిస్ అంటారు. జూలై 6 ప్రపంచ జూనోసిస్ దినం, 1885లో పాశ్చర్ తొలి రేబిస్ టీకా వేసిన రోజు.

చట్టం రెండు ముక్కల్లో

భారత పశువైద్య మండలి చట్టం, 1984లోని 30వ సెక్షన్ ప్రకారం నమోదైన పశువైద్యులే వైద్యం చేయాలి. రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన చిన్న సేవలను డిప్లొమా ఉన్నవారు డాక్టర్ పర్యవేక్షణలో చేయవచ్చు. జంతు హింస నిరోధక చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం, సరైన కారణం లేకుండా ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం నేరం. గజ్జి వచ్చిందని కుక్కను ఊరవతల విడిచి రావడం కూడా ఇందులోకే వస్తుంది. 1962 అన్న అంకెను రెండుసార్లు గుర్తుపెట్టుకోండి: భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడిన ఏడాది, సంచార పశువైద్య సేవకు ఫోన్ చేసే నంబరు.

సాధన బిట్లు

మనిషికి అంటనిది ఏది: సార్కోప్టెస్, డెమోడెక్స్ కేనిస్, మైక్రోస్పోరమ్ కేనిస్, ట్రైకోఫైటాన్? జవాబు డెమోడెక్స్ కేనిస్.

పిన్నల్-పెడల్ రిఫ్లెక్స్ దేనికి సూచన? సార్కోప్టెస్ గజ్జి. నిర్ధారణ అని ఆప్షన్ ఉంటే ఆగండి, అది సూచన మాత్రమే.

మైట్ల డిప్‌కు వాడే అమిట్రాజ్ విషప్రభావానికి విరుగుడు ఏది? యోహింబిన్ లేదా అటిపమెజోల్. ఆల్ఫా-2 గ్రాహకాల మీద ఆ మందు చేసే పనిని ఇవి అడ్డుకుంటాయి. అట్రోపిన్ అని రాసేది ఆర్గానోఫాస్ఫేట్లకు.

12.5 శాతం అమిట్రాజ్ ద్రావణంతో 0.025 శాతం డిప్ చేయాలంటే లీటరు నీళ్లకు ఎంత? 12.5 శాతం అంటే మిల్లీలీటరుకు 125 మిల్లీగ్రాములు. లీటరులో కావాల్సింది 250 మిల్లీగ్రాములు. జవాబు 2 మిల్లీలీటర్లు.